దిగువపేట చలువ సావిడి

నమోదు ఒకటి – రేవతి కార్తె

సమాఖ్య సాయం అందుకునే ప్రతి నగరమూ దినచర్య నమోదు చేయాలట. అదీ అభివృద్ధి అధికారి సొంత మాటల్లోనే ఉండాలట. కార్యాలయంలో రాత యంత్రం ఉంది, ముత్యాల్లాంటి వాక్యాలు కూర్చిపెడుతుంది, కానీ దానిచేత రాయిస్తే సాయం ఆపేస్తారట. మంచి నిబంధనే. కనుక మిట్టపట్నం నగర అభివృద్ధి అధికారి చోడిపల్లి నూకరత్నం అనే నేను నా నోటికి ఎలా వస్తే అలాగే చెబుతాను. చదివేవారికి నచ్చకపోతే నా కుర్చీలో ఇంకొకరిని వేసుకోవచ్చు. ఈ ఎండల్లో ఈ ఉద్యోగానికి ఎవరు ఎగబడతారో నేనూ చూస్తాను.

ఈ ఉదయం కబురు వచ్చింది. కట్టుబడి ఓడ ఈ ఏడు మా రేవుకు కృత్తిక కార్తెలో వస్తుంది. పూర్వం ఇలాంటి సాయం డబ్బుగా పంపేవారట. పైనుంచి కిందికి వచ్చేలోపల అది మంచుగడ్డలా కరిగి, చివరివాడికి తడిచెయ్యి మాత్రం మిగిలేదని మా తాత చెప్పేవాడు. ఇప్పుడు ఓడే వస్తోంది. దాని పొట్టలో ఇసుక పోస్తే గోడలు, కప్పులు, మెట్లు అచ్చుపోసి ఇస్తుంది. ఒక్క కార్తె ఉండి ఇంకో ఊరికి వెళ్ళిపోతుంది. ఏం కట్టించుకోవాలో నగరమే తేల్చుకోవాలి. అయితే కట్టినదాంట్లో ముప్పాతిక వంతు పేదపేటకే చెందాలి. ఆ పేట పేదదేనని సమాఖ్యవారి గణన పిట్ట ఒప్పుకోవాలి. తమకేం కావాలో పేటవాళ్ళు సభలో తమ నోటితో చెప్పాలి.

మా ఊళ్ళో పేదపేట ఎక్కడుందని వెతుక్కోనక్కర్లేదు. సముద్రం పైకి వచ్చినప్పుడు మిట్ట ఎక్కగలిగినవాళ్ళు ఎక్కేశారు. ఎక్కలేనివాళ్ళు నీళ్ళలోనే గుంజలు పాతుకుని రేకుల ఇళ్ళు వేసుకున్నారు. అదే దిగువపేట. ఉప్పు పండిస్తారు, మునిగిన పాత ఊళ్ళోంచి ఇనుము పైకి తీసి అమ్ముతారు. నేను పుట్టింది అక్కడే.

సాయంత్రం ఉప్పు ఆరబోసే తిన్నె మీద సభ పెట్టాను. సభంటే మావాళ్ళకు జాతర. ఒకాయన రేవు కావాలన్నాడు. ఇంకొకాయన వలలకు పందిరి కావాలన్నాడు. మూడో ఆయనకు ఏం కావాలో తెలియదు గానీ, ఈ ఇద్దరికీ మాత్రం ఇవ్వకూడదన్నాడు. వాళ్ళ గొంతులు పడిపోయేదాకా అరవనిచ్చాను. అప్పుడు మా మేనత్త దాలమ్మ కోడలు గున్నమ్మ లేచి నిలబడింది.

"రోహిణి కార్తెలోన నాకు నెలలు నిండుతాయి," అంది. "కిందటేడు నిప్పుగాలి వొత్తాదని కొమ్ము ఊదితే వొంతెన ఎక్కినాను. మిట్టమీద చలువ సావిడి చేరేలోపు నా కడుపులోది పోనాది. ఈయేడు నాను వొంతెన ఎక్కను. సావిడి ఇక్కడే కట్టండి. కట్టకపోతే ఇంట్లోనే ఉంటాను, ఏటైతే అదవుతాది."

ఆ తర్వాత రేవు గురించి గానీ పందిరి గురించి గానీ ఎవరూ నోరెత్తలేదు. దిగువపేటకు చలువ సావిడి కావాలని అందరూ చేతులెత్తారు. మూడో ఆయన కూడా ఎత్తాడు.

నమోదు రెండు – అశ్విని కార్తె

గణన పిట్ట ఈరోజు దిగువపేటలో తిరిగింది. పిట్ట అంటే పిట్ట కాదు, కొబ్బరికాయంత యంత్రం. ఎగురుతూ ఒక్కో ఇంట్లోకి వెళ్ళి, కాసేపు గాల్లో నిలబడి, కంటికి కనిపించిన సామానంతా చూసుకుని బయటికి వస్తుంది. మాట్లాడదు, మాట వినదు.

నేను దాని వెంట ఉండాల్సింది. కానీ మా నగరాధ్యక్షులు సనపల త్రినాథరావు గారు పొద్దున్నే పిలిపించి కూర్చోబెట్టేశారు. మిట్ట అంచున సముద్రం చూడ్డానికి పొడవాటి వసారా కట్టించాలని ఆయనకు ఎప్పటినుంచో కోరిక.

"ఒకవేళ దిగువపేట సంగతి తేలకపోతే ఓడ ఖాళీగా వెళ్ళకూడదు కదండీ నూకరత్నం గారూ. పక్కన ఒక నమూనా పెట్టుకుంటే తప్పేముంది?" అన్నారు.

"తేలకపోవడం అంటూ ఉండదండి," అన్నాను. "ఆ పేటను చూసి కూడా పేద కాదనే యంత్రం ఇంకా పుట్టలేదు."

సాయంత్రం దాలమ్మత్త మిట్టెక్కి మా ఇంటికి వచ్చింది. మొహం వెలిగిపోతోంది.

"బాగా అయినాదే నూకీ! పిట్ట ఏ ఇంటికెళ్ళినా మాట రానీనేదు. మర్యాదలోన ఎక్కడా లోటు సెయ్యనేదు," అంది.

యంత్రానికి మర్యాదేమిటని నేను అడగలేదు. సంతోషంలో ఉన్నాను, టీ పెట్టి ఇచ్చాను.

నమోదు మూడు – అశ్విని కార్తె చివర

నివేదిక వచ్చింది.

దిగువపేట స్థాయి: సుఖవంతం. కారణం: ప్రతి ఇంటా ఒక చలువపెట్టె, ఆరు ఎర్ర కుర్చీలు, ఒక పెద్ద ఇత్తడి బిందె ఉన్నాయి. అన్ని చలువపెట్టెలకూ ఎడమవైపు ఒకేచోట సొట్ట ఉన్నందున అవన్నీ ఒకే కర్మాగారంలో తయారైనవిగా భావించడమైనది.

ఒకే కర్మాగారమట! ఓరి నీ తెలివి తెల్లారా! చల్లగాలి ఊదే చలువపెట్టె పేట మొత్తానికీ ఉన్నది ఒకే ఒక్కటి. మా దాలమ్మత్త మొగుడు మునిగిన ఊళ్ళోంచి పైకి తీసి బాగుచేసింది. ఆ సొట్ట ఆయన గునపం తగిలి పడింది.

కిందికి దిగి వెళ్ళేటప్పటికే నాకు జరిగింది అర్థమైపోయింది, ఎందుకంటే నేనూ ఆ పేటలో పెరిగినదాన్నే. దిగువపేటలో చుట్టం వస్తే ఇల్లు బోసిగా కనపడకూడదు. మీ ఇంటికి చుట్టమొస్తే మా కుర్చీలు మీ ఇంటికి వస్తాయి, మా ఇంటికొస్తే మీ బిందె మా ఇంటికి వస్తుంది. ఎవరూ అడగరు, ఎవరూ చెప్పరు, వెనక గుమ్మంలోంచి సామాను వచ్చేస్తుంది. పెళ్ళిళ్ళు కుదిరింది అలాగే, పరువు నిలిచింది అలాగే. ఇప్పుడు సమాఖ్య నుంచి పిట్ట వచ్చింది. దూరం నుంచి వచ్చింది కదా, మరి అదీ చుట్టమే.

"పిట్ట ముందు గుమ్మంలోంచి ఎల్తావుంటే వెనకాల మన పేట కుర్రోళ్ళు ఎర్రయ్యా ఆడి తమ్ముడూ పెట్టెను పక్కింట్లోకి మోసీసినారు," అంది దాలమ్మత్త, గొప్పగా. "ఒక్కసారి కూడా దొరకనేదు. సివరింటికి ఎల్లేసరికి ఇద్దరికీ నాలిక బయటికొచ్చీసినాది."

"అత్తా, ఆ పిట్ట వచ్చింది మనకు లేనివేమిటో చూసుకుని వెళ్ళడానికి!"

"ఏటే? లేనివి సూడ్డానికి ఎవలైనా ఇంటికొత్తారేటి?"

పైన పటారం, లోన లొటారం అంటారే, అది మా పేట. ఆ పటారాన్నే యంత్రం లెక్కేసుకుంది.

త్రినాథరావు గారు ఓదార్చడానికి వచ్చారు, చంకలో వసారా నమూనాతో సహా. దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వడని సామెత. మా విషయంలో దేవుడూ పూజారీ ఇద్దరూ సిద్ధంగానే ఉన్నారు, భక్తులే మాకేం లోటు లేదని చెప్పి పంపేశారు. నివేదిక మీద అభ్యంతరం పెడుతున్నానని ఆయన మొహమ్మీదే చెప్పి, అక్కడికక్కడే పంపేశాను.

నమోదు నాలుగు – భరణి కార్తె

అభ్యంతరం నిలవాలంటే పేటవాళ్ళు తమకు చలువపెట్టె లేదని తమ నోటితో చెప్పాలి. మరీ సులువు అనుకున్నాను. ఇల్లిల్లూ తిరిగాను. ఒక్కరంటే ఒక్కరు చెప్పలేదు.

"మాకు నేదని నానెలా సెప్తాను? పక్కింటోళ్ళు వినరేటి?" అన్నారు ఒకరు. పక్కింటివాళ్ళకు లేదని ఈయనకు తెలుసు, ఈయనకు లేదని వాళ్ళకు తెలుసు, పెట్టెను మోసింది అందరూ కలిసే. అయినా చెప్పరు. మొగుడు కొట్టినందుకు కాదు, తోటికోడలు నవ్వినందుకని ఊరికే అన్నారా!

అరిచాను. బతిమాలాను. మళ్ళీ అరిచాను. చివరికి దాలమ్మత్త వాకిట్లో చతికిలబడితే గున్నమ్మ మంచినీళ్ళు తెచ్చి ఇచ్చింది. పొట్ట బాగా ముందుకు వచ్చింది. రెండు అడుగులు వేస్తే ఆయాసపడుతోంది.

"నువ్వైనా చెప్పవే," అన్నాను.

ఆమె లోపలికి ఒకసారి చూసి, గొంతు తగ్గించింది. "అక్కా, కిందటేడు కొమ్ము ఊదిననాడు పెట్టె మా ఇంట్లోన నేదు. పక్కింటి సింహాసలం ఇంటికి పిల్లని సూడ్డానికి సుట్టాలొచ్చినారు. ఆలింట్లో పెట్టినారు. పెట్టె తెచ్చుకుందామని నానన్నాను. సుట్టాల ముందు ఎలా తెత్తామని అత్త ఒప్పుకోనేదు. అందుకే వొంతెన ఎక్కినాను."

"ఈ సంగతి ఎవరికైనా చెప్పావా?"

"ఎలా సెప్తాను? అత్తకి తెలీదేటి? రేత్రులు లేచి కూకుంటాది. నాను సూసి సూడనట్టు పడుకుంటాను."

కడుపు చించుకుంటే కాళ్ళ మీద పడుతుందంటారు. ఆ ఇంట్లో అత్తాకోడళ్ళు ఇద్దరూ ఏడాదిగా కడుపు పట్టుకుని కూర్చున్నారు. నాకు ఏడుపు వచ్చింది. ఏడ్చాను. సమాఖ్యవారు కావాలంటే ఇది కొట్టేసుకోవచ్చు.

సాయంత్రానికి మంచి కబురు ఒకటి వచ్చింది. నా అభ్యంతరం చూసి యంత్రం కాదు, మనిషినే పంపుతున్నారు. ఆవిడ ఏది రాస్తే అదే ఖాయం. పేటవాళ్ళందరినీ తిన్నె మీదికి పిలిచి, ఇళ్ళు ఎలా ఉన్నవి అలాగే ఉంచుతామని ఒట్టు వేయించుకున్నాను. అందరూ గంగమ్మ తల్లి మీద ఒట్టు వేశారు.

నమోదు ఐదు – భరణి కార్తె

పరిశీలకురాలు దోల్మా గారు దిగారు. మంచుకొండల మనిషి, గుండ్రటి మొహం, నవ్వుతూనే ఉంటుంది. మా ఎండకు పాపం పడవ దిగకముందే ఎర్రగా కందిపోయింది. మెడలో మాటపెట్టె వేలాడుతోంది. ఆమె తన భాషలో ఏదో అంటుంది, పెట్టె దాన్ని తెలుగు చేస్తుంది. ఆ తెలుగు పూర్వకాలపు వార్తల తెలుగు.

"ఇచ్చటి వాతావరణం మిక్కిలి తీవ్రముగా ఉన్నది," అంది పెట్టె.

"అందుకే కదండీ మిమ్మల్ని పిలిచింది," అన్నాను.

మొదట దాలమ్మత్త ఇంటికి తీసుకెళ్ళాను. పెట్టె అక్కడ ఉంది. ఉండాలి, అది వాళ్ళదే. దోల్మా గారు దాని ముందు కూర్చుని, చేపల పులుసు రుచి చూసి, లొట్టలేసి లేచారు. పక్కింట్లోకి వెళ్ళాం. మూలన చలువపెట్టె ఉంది. ఎడమవైపు సొట్ట ఉంది. వెనక గుమ్మంలో ఎర్రయ్య గోడకు ఆనుకుని రొప్పుతున్నాడు.

నేను అత్త వైపు చూశాను. ఆమె నా వైపు చూడలేదు. "ఏటి సెయ్యమంటావే, సుట్టం వొచ్చినాది గదా," అని గొణిగింది.

గంగమ్మ తల్లి మీద వేసిన ఒట్టు ఒక పులుసు గిన్నె ఖాళీ అయ్యేదాకా కూడా నిలవలేదు. అక్కడే నిలబడి ఆలోచించాను. ఈ అలవాటుతో కొట్లాడితే నేను ఈ జన్మకు గెలవను. వీళ్ళు ప్రాణం పోయినా లేదని చెప్పరు, చుట్టమొస్తే ఇంట్లో పెట్టె పెట్టక మానరు. సరే మరి, ఒక్క చుట్టమే ఎందుకు రావాలి?

దోల్మా గారి వైపు తిరిగి, "అమ్మా, ఇల్లిల్లూ తిరిగి అలిసిపోకండి. ఎల్లుండి మధ్యాహ్నం ఇక్కడ బహిరంగ సభ. ఆ రోజు మిట్టమీది నుంచి ఇంటికొక్కరు చొప్పున దిగువపేటలో ఇంటింటికీ భోజనానికి వస్తారు. అప్పుడే అన్ని ఇళ్ళూ ఒక్కసారి చూసేద్దురు గాని," అన్నాను.

"ఇది మిక్కిలి ఆహ్లాదకరమైన ఏర్పాటు," అంది మాటపెట్టె.

పేట పేటంతా సంబరపడింది. మిట్టమీదివాళ్ళు మా ఇళ్ళకు భోజనానికి రావడమే! అత్త కళ్ళలో కూడా నీళ్ళు తిరిగాయి. ఆ సంబరంలో ఎవరికీ అసలు సంగతి తట్టలేదు.

నమోదు ఆరు – మర్నాడు

పొద్దున్నే మిట్టమీద చాటింపు వేయించాను. దిగువపేట ఎండురొయ్యల ఇగురు, చేపల పులుసు, ఉచితం అని. రానన్నవాడు ఒక్కడూ లేడు. త్రినాథరావు గారు మాత్రం తల పట్టుకున్నారు.

"ఇదేం సభండీ? సమాఖ్య మనిషి ఏమనుకుంటారు?"

"మీరూ వస్తున్నారు. మీకు సింహాచలం ఇల్లు."

మధ్యాహ్నానికి దాలమ్మత్తకు వెలిగింది. రొప్పుతూ నా కార్యాలయానికి వచ్చింది, చెప్పులు కూడా లేవు.

"ఓలమ్మ ఓలమ్మ, నూకీ! మమ్మల్ని నట్టేట ముంచీసినావే! ఇంటింటికీ సుట్టమైతే పెట్టె ఒక్కటే గదా! ఏ ఇంట్లో పెడతాం?"

"అదే నేనూ ఆలోచిస్తున్నాను," అన్నాను.

"రావొద్దని సెప్పీ."

"పిలిచిన చుట్టాన్ని రావద్దని నేను చెప్పనా? కావాలంటే నువ్వే చెప్పు, మైకు ఇదిగో."

మైకు వైపు చూసింది, నా వైపు చూసింది. నన్ను చిన్నప్పుడు ఎత్తుకు తిరిగిన మనిషి, ఆ చేత్తోనే ఒక్కటి ఇస్తుందనుకున్నాను. ఇవ్వలేదు. "నీ అబ్బలాగే మొండిదానివే," అని వెళ్ళిపోయింది. వాళ్ళు ఏం చేస్తారో నాకూ తెలియదు. పెట్టెను సముద్రంలోకి తోసేసినా ఆశ్చర్యం లేదు. కానీ చుట్టాలకు అన్నం పెట్టకుండా మాత్రం పంపరు. అంతవరకు నాకు ధైర్యం ఉంది.

నమోదు ఏడు – సభ రోజు

వివరంగా చెప్పాలి, తొందరపెట్టకండి.

మిట్టమీదివాళ్ళను వెంటేసుకుని వంతెన దిగేసరికి దిగువపేట ఇళ్ళన్నీ తలుపులు మూసి ఉన్నాయి. చూస్తే జనమంతా ఉప్పుతిన్నె మీద ఉన్నారు. పడవల తెరచాపలన్నీ విప్పి, తిన్నె ఈ చివరినుంచి ఆ చివరిదాకా పందిరి కట్టేశారు. కింద నీళ్ళు చల్లి, చాపలు పరిచి, అరిటాకులు వేసి, అందరికీ కలిపి ఒకే బంతి వేశారు. మధ్యలో చలువపెట్టె.

"ఇంటికో సుట్టమేటి, సుట్టాలందరూ ఊరందరికీ సుట్టాలే!" అంది అత్త, నా మొహమ్మీద విజయగర్వంతో నవ్వుతూ. ఓడిపోయాననుకున్నాను. అయినా చప్పట్లు కొట్టాలనిపించింది.

వడ్డన మొదలైంది. పెట్టె ఎదురుగా దోల్మా గారు, పక్కన త్రినాథరావు గారు, ఆ పక్కన మిట్టమీదివాళ్ళు. పెట్టెకు దూరంగా, పందిరి అంచున, పేటవాళ్ళు. గున్నమ్మ వాళ్ళందరికంటే చివర ఉంది. ఆమె చుట్టం కాదు కదా.

రెండో విడత అన్నం పడుతుండగా కొమ్ము ఊదింది. నిప్పుగాలి ఇంత ముందుగా ఏనాడూ రాలేదు. మిట్టమీదివాళ్ళు ఒక్కసారిగా లేచారు, కానీ ఎక్కడికి వెళతారు? సావిడి వంతెన అవతల ఉంది. "కూకోండి, వొంతెన ఎక్కితే సచ్చిపోతారు," అని ఎర్రయ్య అరిచాడు. అందరూ కూర్చుండిపోయారు. పందిరి కింద గాలి పొయ్యి నోట్లోంచి వచ్చినట్టు వచ్చింది. త్రినాథరావు గారి చేతిలో ముద్ద చేతిలోనే ఉంది. మా ఊరి పెద్దలు దిగువపేటలో నిప్పుగాలిని చూడడం అదే మొదటిసారి.

దోల్మా గారు గున్నమ్మను చూశారు. లేచి తన చోటు ఖాళీ చేసి, రమ్మని చెయ్యి ఊపారు. అత్త దోల్మా గారి భుజం పట్టి కూర్చోబెట్టేసింది. "కూకో తల్లీ, నివ్వు సుట్టానివి. ఆయమ్మకి అలవాటే."

ఆ మాట అయ్యీ అవగానే గున్నమ్మ గుంజను పట్టుకుని మెల్లగా కిందికి జారింది. పెదాలు తెల్లబడ్డాయి. రెండు చేతులూ పొట్ట మీద పెట్టుకుంది. "అత్తా," అంది, అంతే.

ఎవరూ కదల్లేదు. నేనూ కదల్లేదు. దాలమ్మత్త చుట్టం వైపు చూసింది, కోడలి వైపు చూసింది. తర్వాత పెట్టె దగ్గరికి వెళ్ళి, దాని నోటిని సమాఖ్య పరిశీలకురాలి మొహం మీది నుంచి తిప్పేసింది. వంగి, రెండు చేతులతో ఆ బరువంతా నెట్టుకుంటూ, వేసిన ఆకుల మీదుగా, వడ్డించిన అన్నం మీదుగా తీసుకెళ్ళి, గున్నమ్మ మొహం ముందు ఆపింది. దిగువపేటలో చుట్టం ముందునుంచి ఒక వస్తువును తీసెయ్యడం నేను ఎన్నడూ చూడలేదు.

దోల్మా గారు కూడా లేచి వెళ్ళి గున్నమ్మ తలను ఒళ్ళో పెట్టుకున్నారు. మాటపెట్టె అడిగింది: "ఈ యంత్రము ఎవరికి చెందినది?"

"ఊరిది!" అని అరిచింది అత్త. ఆ అరుపు నన్ను కూడా తిట్టినట్టే ఉంది. "ఊరందరికీ ఇదొక్కటే! మాకు నేదు, పక్కింటోళ్ళకి నేదు, ఎవలికీ నేదు. ఒక్కటే పెట్టెని మోసుకు తిరుగుతన్నాం. కిందటేడు పరువు కోసం పక్కింట్లో ఒదిలీసి నా మనవడ్ని నానే సంపుకున్నాను. ఈయేడు సంపుకోను. రాసుకోండి!"

అరిచి, అక్కడే కూలబడి ఏడ్చింది. అప్పుడు సింహాచలం లేచాడు. "మాకూ నేదండి," అన్నాడు. అతని భార్య కూడా లేచింది. ఆపైన పందిరి అంచునుంచి ఒకరి తర్వాత ఒకరు, "మాకూ నేదు," "మాకూ నేదు" అంటూ లేచారు. ఎవరూ నవ్వలేదు. త్రినాథరావు గారు తినే ఆకును పక్కకు తోసి, పైపంచ తడిపి తెచ్చి గున్నమ్మ పాదాలు తుడిచారు. ఆయన మీద నాకున్న కోపంలో సగం ఆ పంచతోనే పోయింది.

గాలి తగ్గాక గున్నమ్మ కళ్ళు తెరిచింది. అత్త చేతిని లాక్కుని పొట్ట మీద పెట్టుకుంది. "తంతన్నాడు, సూడు," అంది. ముందు అత్త, తర్వాత నేను, తర్వాత దోల్మా గారు చెయ్యి పెట్టి చూశాం. తన్నాడు.

నమోదు ఎనిమిది – కృత్తిక కార్తె

దిగువపేట స్థాయి: అత్యవసరం. కింద దోల్మా గారి సంతకం. కారణాల కింద ఆవిడ ఒక్క మాటే రాశారు: స్వయంగా చూచితిని.

వసారా సంగతి ఏమిటని త్రినాథరావు గారిని నేనే కదిలించాను. "సముద్రం ఎక్కడికీ పోదు లెండి, వచ్చే ఏడు చూసుకుందాం," అన్నారు. మిగిలిన పావువంతుతో వంతెనకు నీడకప్పు వేయించమని కూడా ఆయనే చెప్పారు. నేను కాదంటానా?

ఓడ వచ్చి ఇసుక మింగుతోంది. గోడలు లేస్తున్నాయి. పేటవాళ్ళు పనికి తక్కువ, సలహాలకు ఎక్కువ. తలుపు వంతెన వైపు ఉండాలని సగం మంది, ఇళ్ళ వైపు ఉండాలని సగం మంది పట్టు పట్టారు. ఓడ నడిపేవాడు విసిగిపోయి నన్ను పిలిపించాడు. గున్నమ్మకు ఏ వైపు దగ్గరో అక్కడే పెట్టమన్నాను. ఆ తర్వాత తగువు లేదు. దాలమ్మత్త రోజూ వచ్చి గోడను అరచేత్తో తట్టి చూసి వెళుతోంది.

నమోదు తొమ్మిది – రోహిణి కార్తె

ఈరోజు కొమ్ము ఊదింది. సావిడి తలుపు తీశాం. పేటంతా లోపలికి వచ్చింది, ముసలివాళ్ళు, పిల్లలు, రెండు మేకలు. మేకలకు నిబంధనల్లో చోటు ఉందో లేదో నాకు తెలియదు, బయటికి మాత్రం పంపలేదు. మొదట అందరూ గొంతెత్తి మాట్లాడారు, సంతోషంతో. తలుపు అవతల నిప్పులు కురుస్తున్నాయి, లోపల పిల్లలు దుప్పటి కావాలని పేచీ పెడుతున్నారు.

గున్నమ్మ గోడవారన చాప వేసుకుని ఒత్తిగిలింది. కాసేపటికి చూస్తే నోరు కొంచెం తెరుచుకుని, గురక పెడుతోంది. నిప్పుగాలి రోజున దిగువపేటలో పట్టపగలు ఎవరైనా నిద్రపోవడం నేను పుట్టి బుద్ధెరిగాక చూడలేదు. మాటలు ఒక్కొక్కటిగా ఆగిపోయాయి. దాలమ్మత్త కోడలి తల దగ్గర కూర్చుని, ఎవరు దగ్గినా గుడ్లురిమి చూసింది. గాలి తగ్గాక కూడా ఎవరూ లేచి వెళ్ళలేదు. గున్నమ్మను లేపుతామని భయం.

సమాఖ్యవారు చివరగా ఒక ప్రశ్న పంపారు. ఈ కట్టడం వల్ల ప్రజలకు కలిగిన ప్రయోజనమేమిటో ఒక్క వాక్యంలో చెప్పాలట. చెబుతున్నాను, రాసుకోండి: ఈ మధ్యాహ్నం గున్నమ్మ కడుపులో బిడ్డతో హాయిగా నిద్రపోయింది, లేచాక ఆకలేస్తోందని అంది.